ఫిన్లాండ్ తరహా ఇంటి సౌనా: సామానులో ఏది అవసరం, ఏది అలంకారం

ఉద్యోగం మీద ఫిన్లాండ్‌లోని హెల్సింకికో ఎస్పూకో వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామందికి అద్దె ఫ్లాట్‌లో బాత్‌రూమ్‌ను ఆనుకుని ఒక చిన్న చెక్క గది కనిపిస్తుంది. లోపల రాళ్ళు నింపిన పొయ్యి, మెట్లుగా కట్టిన చెక్క అరుగులు, అంతే. ఒంటికి వేడి, ఆవిరి పట్టించుకునే ఆ గదే సౌనా. ఇటు హైదరాబాద్‌లో విల్లా కట్టుకుంటున్నవాళ్ళు కొందరు ప్లాన్‌లోనే సౌనాకు చోటు వదులుతున్నారు. ఇద్దరికీ ఒకచోటే తికమక మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో సౌనా సామాను అని వెతికితే బకెట్లు, గరిటెలు, థర్మామీటర్లు, తేమ మీటర్లు, ఇసుక గడియారాలు, తలదిండ్లు, ఉన్ని టోపీలు, సువాసన నూనెలు, రంగుల దీపాలు వరసగా వచ్చిపడతాయి. అన్నీ తప్పనిసరి అన్నట్టే అమ్ముతారు.

ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని యునెస్కో 2020 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో సౌనాలు సుమారు 33 లక్షలు. వాటిలో ఎక్కువ భాగం ఇళ్ళలో, అపార్టుమెంట్లలో, చెరువుగట్టు విడిది ఇళ్ళలో ఉన్న మామూలు గదులే. అలాంటి గదిలో కనిపించే సామాను మాత్రం చాలా కొద్ది. ఆ కొద్ది సామానే ఎందుకు, మిగతావాటి సంగతేమిటి అన్నది తేలాలంటే ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో తెలియాలి.

గది పొడిగా ఉంటుందా, తడిగా ఉంటుందా

సౌనా పొయ్యిని ఫిన్నిష్‌లో కియువాస్ అంటారు. కరెంటుతోనో కట్టెలతోనో అది రాళ్ళను కాలుస్తుంది. గది గాలి 70 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఇళ్ళల్లో ఎక్కువగా 80 దరిదాపుల్లో ఉంచుతారు. కాలిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే ఒక్కసారిగా ఆవిరి లేచి కప్పు దాకా వెళ్ళి, అక్కడినుంచి కూర్చున్నవాళ్ళ భుజాల మీదికి దిగుతుంది. ఈ ఆవిరినే లోయ్లు అంటారు. ఫిన్నులకు సౌనా అంటే అసలు ఇదే. మంచి సౌనా అని వాళ్ళు మెచ్చుకునేది లోయ్లు బాగుందని.

మన గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లలో స్టీమ్ రూమ్, సౌనా పక్కపక్కనే ఉండటం వల్ల రెండూ ఒకటే అన్న భావన ఏర్పడింది. స్టీమ్ రూమ్‌లో వేడి 40–50 డిగ్రీలే, కానీ తేమ నూటికి నూరు శాతం. టైల్స్ అతికించిన గదిలోకి యంత్రం నుంచి ఆవిరి ఆగకుండా వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ క్యాబిన్ ఇంకొకటి. దానిలో రాళ్ళూ ఉండవు, నీళ్ళూ పోయరు. ఫిన్నులు దాన్ని సౌనాగా లెక్కపెట్టరు. చాలా క్లబ్‌హౌస్ సౌనాల్లో పొయ్యి మీద నీళ్ళు పోయవద్దని బోర్డు ఉంటుంది. ఆ గదిని బట్టే సౌనాను అంచనా వేసినవాళ్ళకు అది ఉత్త వేడి గదిలా అనిపించడంలో తప్పేమీ లేదు.

ఇంతకీ సౌనా పొడి గదా, తడి గదా? చిన్న లెక్క చూద్దాం. విజయవాడలో వానాకాలం సాయంత్రం 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ గాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 80 డిగ్రీల సౌనాలో మీటరు 10 శాతం తేమ చూపిస్తోంటే, అక్కడ ఘనపు మీటరుకు సుమారు 29 గ్రాములు ఉన్నట్టు. మీటరు మీద 10 అని చూసి పొడి అనుకుంటాం గానీ, ఆ గాలిలో విజయవాడ ఉక్కపోత కంటే ఎక్కువ నీరుంది. వేడెక్కిన గాలికి ఆవిరిని పట్టుకునే సత్తా చాలా ఎక్కువ కాబట్టి శాతం చిన్నగా కనబడుతోంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. 80 డిగ్రీల గాలిలో ఆవిరి ఘనపు మీటరుకు ఇంచుమించు 40–45 గ్రాములు దాటితే, దానికంటే చాలా చల్లగా ఉన్న మన చర్మం మీద ఆ ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. నీరుగా మారుతూ తనలోని వేడినంతా చర్మానికి ఇచ్చేస్తుంది. నీళ్ళు పోసిన కొన్ని సెకన్లకు చెవుల అంచులూ భుజాలూ చురుక్కుమనేది అందుకే. థర్మామీటరు అప్పుడు పెద్దగా కదలదు. గది వేడి అలాగే ఉన్నా ఒంటికి తగిలే వేడి మాత్రం మారిపోతుంది.

సామాను ఎంచుకోవడానికి నాకు కనిపించే కొలబద్ద ఇదొక్కటే: రాయి, నీరు, గాలి కలిసి చేసే ఈ పనిలో ఆ వస్తువుకు భాగం ఉందా? లేకపోతే కనీసం ఆ వేడిలో ఒంటిని కాపాడుతోందా?

ముందు చూడాల్సింది రాళ్ళు

షాపుల్లో రాళ్ళను పొయ్యికి అనుబంధంగా ఒక మూలన పెడతారు. నిజానికి లోయ్లు గుణమంతా వీటిమీదే ఆధారపడుతుంది. ఫిన్లాండ్‌లో ఎక్కువగా వాడేవి ఆలివిన్ డయాబేస్, పెరిడొటైట్ అనే బరువైన అగ్నిశిలలు. మళ్ళీమళ్ళీ కాలి, మళ్ళీమళ్ళీ తడిసినా తొందరగా పగలనివి. వాగుల్లో, తోటలో ఏరిన రాళ్ళు చూడటానికి బాగున్నా వాటి పగుళ్ళలో నీరు, తేమ చిక్కుకుని ఉండవచ్చు. బాగా కాలినప్పుడు అవి పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది.

పరిమాణం పొయ్యిని బట్టి మారుతుంది. కరెంటు పొయ్యికి సాధారణంగా 5–10 సెంటీమీటర్ల రాళ్ళు, కట్టెల పొయ్యికి 10–15 సెంటీమీటర్లవి. కరెంటు పొయ్యిలో రాళ్ళ మధ్యనుంచి హీటింగ్ కడ్డీలు వెళతాయి. రాళ్ళను కుక్కికుక్కి పేరిస్తే గాలి ఆడక కడ్డీలు అతిగా వేడెక్కి చెడిపోతాయి. మరీ వదులుగా వేస్తే నీళ్ళు నేరుగా కడ్డీల మీద పడతాయి. అందుకే పేర్చడంలో కొంచెం ఓపిక కావాలి. ముందు రాళ్ళను కడిగి దుమ్ము వదిలిస్తారు, పెద్దవి అడుగున, చిన్నవి పైన పెడతారు, కడ్డీలు పైకి కనబడకుండా కప్పుతారు, ఏ రాయీ రెండు కడ్డీల మధ్య బిగుసుకుపోకుండా చూస్తారు. కనీసం ఏడాదికోసారి అన్నీ బయటికి తీసి, పిండిలా రాలుతున్నవాటిని పారేసి, కొత్తవి కలిపి మళ్ళీ పేర్చాలని తయారీ కంపెనీలే చెబుతాయి. వారంలో చాలాసార్లు వాడే ఇంట్లో ఇంకా ముందే.

గుండ్రటివా, విరిగిన అంచులున్నవా అన్నది ఫిన్నుల మధ్య ఎప్పుడూ నడిచే చర్చ. పైకి కనబడే పొయ్యిలకు గుండ్రటి రాళ్ళు అందంగా ఉంటాయి. గరుకు అంచుల రాళ్ళకు నీరు తగిలే ఉపరితలం ఎక్కువ, ఒకదాని మీద ఒకటి నిలకడగా కూర్చుంటాయి. చిన్న కరెంటు పొయ్యికి అయితే నా మొగ్గు గరుకువాటి వైపే.

ఎన్ని కిలోలు ఉండాలన్నది ఇంకా పెద్ద చర్చ. దీనికీ లెక్క ఉంది. 20 డిగ్రీల నీళ్ళు 200 మిల్లీలీటర్లు పూర్తిగా ఆవిరి కావాలంటే సుమారు 520 కిలోజౌళ్ళ వేడి కావాలి. పొయ్యిలో 20 కిలోల రాళ్ళే ఉంటే ఆ ఒక్క గరిటెకు వాటి సగటు వేడి ఇంచుమించు 30 డిగ్రీలు పడిపోతుంది. 80 కిలోలు ఉంటే పడేది 8 డిగ్రీలు కూడా కాదు. అంటే తక్కువ రాళ్ళున్న పొయ్యి మీద నలుగురు కూర్చుని వరసగా నీళ్ళు పోస్తే మూడో నాలుగో గరిటెకు చురుకు తగ్గిపోతుంది. రాళ్ళు ఎక్కువున్న పొయ్యి ఆవిరిని నెమ్మదిగా, ఎక్కువసేపు ఇస్తుంది. దానికి మరోవైపు కూడా ఉంది. అంత రాయి కాలడానికి సమయం, కరెంటు ఎక్కువ పడతాయి. ఆఫీసు నుంచి వచ్చి అరగంటలో సౌనాలో కూర్చోవాలనుకునేవాళ్ళకు చిన్న పొయ్యే సౌకర్యం. శనివారం సాయంత్రమంతా కుటుంబంతో గడిపేవాళ్ళకు పెద్దది. పండితులు తేల్చాల్సిన విషయమేమీ లేదు, ఇంటి అలవాటే తేలుస్తుంది.

బకెట్, గరిటె: చిన్న సామాను, పెద్ద తేడా

బకెట్‌ను కియులు అంటారు. చెక్క, స్టెయిన్‌లెస్ స్టీల్, రాగి, అల్యూమినియం, వెదురు, ప్లాస్టిక్ అన్నింటిలోనూ దొరుకుతుంది. పాతకాలపు పద్ధతిలో చెక్క పలకల్ని పట్టీతో బిగించి చేసిన బకెట్ చాలా అందమైన వస్తువు. కానీ దాని స్వభావం తెలిసి కొనుక్కోవాలి. వాడనప్పుడు ఆరిపోయి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. నీళ్ళు పోసి నానబెడితే చెక్క ఉబ్బి మళ్ళీ మూసుకుంటాయి. వారానికోసారి మాత్రమే వేడెక్కే గదిలో, అదీ అంత వేడిలో వదిలేస్తే కొన్నాళ్ళకు కారడం మొదలవుతుంది. అందుకే ఇప్పుడు చాలా చెక్క బకెట్లకు లోపల ప్లాస్టిక్ తొడుగు వస్తోంది. లోహపు బకెట్‌కు ఈ బాధ లేదు గానీ పైఅరుగు మీద పెడితే దాని అంచు కాలుతుంది. లోహమే తీసుకుంటే పట్టుకునే చోట చెక్క పిడి ఉండాలి, బకెట్‌ను కింది అరుగు మీదో నేల మీదో ఉంచుకోవాలి.

గరిటెలో చూడాల్సినవి రెండే, పిడి పొడవు, గిన్నె పరిమాణం. పిడి పొడవుగా ఉంటే పొయ్యి మీదికి వంగకుండా పక్కనుంచి పోయవచ్చు. ఆవిరి నిట్టనిలువుగా లేస్తుంది కాబట్టి పొయ్యి పైన చెయ్యి ఉన్నవాడికే మొదట కాలేది. గిన్నె విషయంలో కంపెనీల కరపత్రాలు ఒకమాట మీదే ఉంటాయి. కరెంటు పొయ్యికి గరిటె 0.2 లీటర్లు మించకూడదు. అంతకంటే ఎక్కువ ఒకేసారి పోస్తే కొంతే ఆవిరవుతుంది, మిగతాది మరిగే నీళ్ళుగా చిందుతుంది.

ఆ 200 మిల్లీలీటర్లు గదిని ఎంత మారుస్తాయో చూద్దాం. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న గది 8.4 ఘనపు మీటర్లు. గరిటెడు నీరు పూర్తిగా ఆవిరై గదంతా పరుచుకుంటే ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాములు కలుస్తాయి. ఇక్కడే ఊరి తేడా వస్తుంది. ఫిన్లాండ్ శీతాకాలంలో బయట మైనస్ 10 డిగ్రీలుంటే, ఆ గాలి పట్టగల తేమే ఘనపు మీటరుకు 2 గ్రాముల పైచిలుకు. అలాంటి గాలి లోపలికి వచ్చి వేడెక్కిన గదిలో ఒక గరిటె పోస్తే 26 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఒంటికి చురుకు తగలాలంటే రెండోది పోయాలి. పైన చెప్పుకున్న విజయవాడ గాలిని 80 డిగ్రీలకు వేడిచేస్తే అది వ్యాకోచించాక కూడా ఘనపు మీటరుకు సుమారు 21 గ్రాములు ఉంటాయి. ఒక్క గరిటెతోనే సుమారు 45కు చేరిపోతుంది. కోస్తాలో సౌనా కట్టుకున్నవాళ్ళు ఫిన్లాండ్ వీడియోలు చూసి వరసగా మూడు గరిటెలు పోస్తే భరించలేక బయటికి పరిగెత్తే పరిస్థితి రావచ్చు. మన తీరప్రాంతానికి 100 మిల్లీలీటర్ల గరిటె మేలని ఈ లెక్క చెబుతోంది. గాలి వచ్చిపోయే దారులు బాగుంటే ఈ అంకెలు కొంత తగ్గుతాయి.

వేడినీళ్ళు పోయాలా, చన్నీళ్ళా? వేడినీళ్ళతో ఆవిరి మెత్తగా వస్తుందని నమ్మేవాళ్ళు చాలామంది. 20 డిగ్రీల నీటికి బదులు 60 డిగ్రీల నీరు వాడితే రాళ్ళు ఇవ్వాల్సిన వేడి ఆరేడు శాతమే తగ్గుతుంది, ఎందుకంటే వేడిలో అధిక భాగం నీటిని మరిగించడానికి కాక ఆవిరిగా మార్చడానికే పోతుంది. పెద్ద పొయ్యి మీద ఆ తేడా పట్టుకోవడం కష్టం. చల్లబడుతున్న చిన్న పొయ్యి మీద కాస్త ఉపయోగం ఉండొచ్చు.

నీళ్ళ రకం మాత్రం నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. ఉప్పునీరు, స్విమ్మింగ్ పూల్ నీరు పోయకూడదని కంపెనీలు స్పష్టంగా చెబుతాయి, అవి కడ్డీల్ని తినేస్తాయి. కఠిన జలం ఆవిరైనప్పుడు సున్నం రాళ్ళ మీద మిగులుతుంది. హైదరాబాద్‌లో బోరు నీళ్ళ మీద ఆధారపడే ఇళ్ళకు గీజరు కడ్డీకి పట్టే తెల్లటి పెచ్చు బాగా తెలుసు. అదే పెచ్చు సౌనా రాళ్ళకూ పడుతుంది. అలాంటిచోట ఖరీదైన బకెట్ మీద పెట్టే డబ్బు కంటే ఫిల్టర్ నీళ్ళు ఒక సీసాడు తెచ్చుకోవడం పొయ్యికి మంచిది.

మీటర్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

థర్మామీటరు ఉండటం మంచిదే. కానీ అది చూపే అంకె ఎక్కడ తగిలించామన్నదాన్ని బట్టి మారుతుంది. సౌనాలో నేల దగ్గరికీ కప్పు దగ్గరికీ పదుల డిగ్రీల తేడా ఉంటుంది. పొయ్యి పైన గోడకు కొడితే అంకె ఘనంగా కనబడుతుంది, దాంతో ప్రయోజనం లేదు. పైఅరుగు మీద కూర్చున్న మనిషి తల ఎత్తులో, పొయ్యికి దూరంగా పెడితేనే ఆ అంకెకు అర్థం. పాదాలు కూడా రాళ్ళ మట్టానికి పైన ఉండాలన్నది ఫిన్నుల పాత నియమం, దానికీ కారణం ఈ తేడాయే.

తేమ మీటరు దగ్గర అభిప్రాయాలు రెండు. థర్మామీటరు, తేమ మీటరు కలిసి ఉన్న జంట డబ్బా చూడటానికి పూర్తిగా ఉంటుంది కాబట్టి చాలామంది కొంటారు. అంత వేడిలో చౌక ముల్లు మీటర్లు కచ్చితంగా ఉండవనీ, అదీకాక లోయ్లు వచ్చి పోయే కొద్ది సెకన్లను అవి పట్టుకోలేవనీ అనుభవజ్ఞులు అంటారు. పైన చూసిన శాతం గోల ఎలాగూ ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు గది తీరు అర్థం కావడానికి అది సాయపడుతుందన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ దాన్ని చూసి నీళ్ళు పోయడం కంటే ఒంటిని అడిగి పోయడమే నమ్మకమైన పద్ధతి.

అంకె పిచ్చి ఎక్కడిదాకా వెళుతుందో ఫిన్లాండ్ చూసింది. హెయినోలా పట్టణంలో 1999 నుంచి ప్రపంచ సౌనా పోటీలు జరిగేవి. 110 డిగ్రీల గదిలో, 30 సెకన్లకోసారి అరలీటరు నీళ్ళు పోస్తుండగా ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారన్నది పోటీ. 2010 ఫైనల్‌లో ఒక పోటీదారు ప్రాణాలు కోల్పోయారు, మరొకరు తీవ్రంగా గాయపడ్డారు. పోటీలు అంతటితో ఆగిపోయాయి.

ఇసుక గడియారం సంగతి వేరు. గోడకు బిగించిన 15 నిమిషాల గడియారాన్ని తిప్పితే చాలు. ఫోను, చేతి వాచీ ఆ వేడికి చెడిపోతాయి కాబట్టి లోపల సమయం తెలియడానికి దీనికి మించిన సాధనం లేదు. పెద్దవాళ్ళు, బీపీకి మందులు వాడేవాళ్ళు ఉన్న ఇంట్లో దీన్ని అలంకారం అనలేం. తూర్పు ఫిన్లాండ్‌లో 2,315 మంది మధ్యవయస్సు మగవాళ్ళను ఇరవై ఏళ్ళ పాటు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తరచూ సౌనా చేసేవాళ్ళలో గుండె జబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. ఆ వార్త సౌనా అమ్మకాల ప్రకటనల్లోకి బాగా ఎక్కింది. అది పరిశీలన అధ్యయనం. సౌనా వల్లే ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగున్నవాళ్ళే ఎక్కువ సౌనా చేశారా అన్నది దానితో పూర్తిగా తేలదు. పైగా వాళ్ళంతా చిన్నప్పటినుంచి ఆ వేడికి అలవాటుపడ్డవాళ్ళు.

ఒంటికి తగిలే వస్తువులు

80 డిగ్రీల గాలిలో కూర్చోగలం, 80 డిగ్రీల ఇనుప కుర్చీ మీద కూర్చోలేం. చెక్క తనలోని వేడిని చర్మానికి చాలా నెమ్మదిగా ఇస్తుంది, లోహం గబుక్కున ఇచ్చేస్తుంది. అందుకే అరుగులు, వీపు ఆనించే పలకలు, తలదిండ్లు, తలుపు పిడి అన్నీ చెక్కవే. మేకులు, స్క్రూలు చెక్క లోపలికి దిగి ఉండాలి. ఆస్పెన్, ఆల్డర్ చెక్కల్లో జిగురు ఉండదు, ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి. పైన్ చౌకే, కానీ వేడికి కణుపుల దగ్గర జిగురు కారి ఒంటికి అంటుకుంటుంది. గోడకైతే ఫర్వాలేదు, కూర్చునే చోట వద్దు. వార్నిష్ వేసిన చెక్కను ఆ వేడిలో ఎక్కడా వాడకూడదు.

కూర్చునే ముందు పరుచుకునే చిన్న గుడ్డను పెఫ్లెట్టి అంటారు. నార బట్టదో నూలుదో ఒక ముక్క. చెమట చెక్కలోకి ఇంకకుండా, చర్మానికి వేడి తగలకుండా రెండు పనులు చేస్తుంది. ఫిన్లాండ్‌లో నలుగురు వాడే సౌనాలో ఇది మర్యాద కిందే లెక్క. మన ఇళ్ళల్లో ఉండే నూలు తువ్వాలు మడతపెట్టి వేసుకుంటే ఇదే పని జరుగుతుంది, ప్రత్యేకంగా కొనాల్సిన అవసరం లేదు. సింథటిక్ బట్ట మాత్రం వద్దు.

మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది నగల గురించి. మంగళసూత్రం, చెవిదుద్దులు, బంగారు గాజులు, వెండి మొలతాడు, తాయెత్తు, లోహపు ఫ్రేము కళ్ళద్దాలు అన్నీ నిమిషాల్లో ఒళ్ళు కాలేంత వేడెక్కుతాయి. ఫిన్నిష్ సామాను జాబితాల్లో నగలు పెట్టుకునే గిన్నె కనబడదు. తెలుగింటి సౌనాకు తలుపు బయట అలాంటి ఒక గిన్నె, ఒక కొక్కెం ఉండటం నిజమైన అవసరం. తీయడానికి ఇష్టపడని పెద్దవాళ్ళు కింది అరుగు మీద, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చోవచ్చు.

బిర్చ్ కొమ్మలు, టోపీలు, సువాసనలు

ఆకులున్న లేత బిర్చ్ కొమ్మల్ని కట్టగా కట్టి ఒంటిని తట్టుకోవడం ఫిన్లాండ్‌లో పాత అలవాటు. ఆ కట్టను పశ్చిమ ప్రాంతాల్లో విహ్తా అంటారు, తూర్పున వస్తా. జూన్‌లో వచ్చే యుహన్నుస్ పండుగ దరిదాపుల్లో ఆకు ముదరకముందే కోసి, కొందరు ఆరబెట్టి, కొందరు ఫ్రీజర్‌లో దాచుకుంటారు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాక ఆకు మెత్తబడి గదంతా పచ్చి అడవి వాసన కమ్ముతుంది. ఎండబెట్టిన కట్టలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వచ్చే చిక్కల్లా ఆకులు రాలి డ్రైనేజీలో ఇరుక్కోవడం. అందుకే అపార్టుమెంట్లలోని ఉమ్మడి సౌనాల్లో చాలాచోట్ల దీన్ని ఒప్పుకోరు. ఇండియాలో బిర్చ్ బదులు దొరికిన కొమ్మ వాడే ఆలోచన వస్తే, ఆ చెట్టేమిటో కచ్చితంగా తెలిసి ఉండాలి. గన్నేరు లాంటివి విషం.

ఉన్ని టోపీ విషయంలో ఫిన్నులే రెండుగా చీలతారు. అది ప్రధానంగా రష్యా, బాల్టిక్ దేశాల అలవాటు. ఫిన్లాండ్‌లో ఈమధ్య పెరుగుతోంది. గదిలో అతి వేడి గాలి తల దగ్గరే ఉంటుంది కాబట్టి మందపాటి ఫెల్ట్ టోపీ చెవులనూ జుట్టునూ కాపాడుతుందన్నది నిజమే. ఇది మా పద్ధతి కాదు, తల భరించలేకపోతే కింది అరుగు మీదికి దిగండి అంటారు పాతకాలం వాళ్ళు. రెండు మాటల్లోనూ న్యాయముంది. సంప్రదాయం కోసమే అయితే టోపీ అక్కర్లేదు. బట్టతల, సున్నితమైన చెవులు ఉన్నవాళ్ళకు మాత్రం అది పనికొచ్చే వస్తువే.

సువాసన నూనెలను నేరుగా రాళ్ళ మీద పోయడం ప్రమాదం, అవి అంటుకుంటాయి. సౌనా కోసమని తయారుచేసిన సువాసనను సీసా మీద రాసిన మోతాదులో నీళ్ళలో కలిపి పోస్తారు. యూకలిప్టస్, బిర్చ్, పైన్ వాసనలు ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మానేయడమే మంచిది. పూజ కోసం తెచ్చిన కర్పూరం తైలం, సాంబ్రాణి లాంటివి ఆ గదిలోకి రానివ్వకూడదు.

దీపాలు, కరెంటు, ఇంకా పెద్ద ప్రమాదం

సౌనా దీపం వెలుగు మసకగా, కంటికి నేరుగా తగలకుండా ఉండాలి. అరుగు కింద పెట్టేవీ, ఫైబర్ తీగలతో వెలుగు మాత్రమే లోపలికి తెచ్చేవీ ఉన్నాయి. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ప్రకారం నేల నుంచి మీటరు ఎత్తు దాటాక పెట్టే ఏ విద్యుత్ పరికరమైనా 125 డిగ్రీల పరిసర వేడిని తట్టుకోవాలి. మామూలు ఎల్‌ఈడీ స్ట్రిప్ దీనికి నిలవదు. రంగులు మార్చే దీపాలు ఎవరిష్టం వాళ్ళది, లోయ్లుకు వాటితో సంబంధం లేదు.

పొయ్యి సామర్థ్యానికి వాడుకలో ఉన్న లెక్క ఘనపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్. గాజు, రాయి, టైల్స్ వంటి వేడిని ఆపని గోడ ప్రతి చదరపు మీటరుకూ 1.2 ఘనపు మీటర్లు అదనంగా కలుపుకోవాలి. మన 8.4 ఘనపు మీటర్ల గదికి 1.3 చదరపు మీటర్ల గాజు తలుపు పెడితే సుమారు 10 ఘనపు మీటర్లుగా లెక్కించి, 9 కిలోవాట్ల చుట్టుపక్కల పొయ్యి చూస్తారు. సింగిల్ ఫేజ్ మీద అది 39 ఆంపియర్లు. ఏ గోడ సాకెట్టూ మోయదు. త్రీ ఫేజ్, విడి లైను, ఇంటికి మంజూరైన లోడు అన్నీ చూసుకున్నాకే మిగతా సామాను ఆలోచించాలి. గాజు గోడలు ఫోటోల్లో బాగుంటాయి, వాటి ఖర్చు కరెంటు బిల్లులో నెలనెలా కనబడుతుంది.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఫిన్లాండ్‌లో చిన్న ఫ్లాట్ల సౌనాను స్టోర్‌రూమ్‌గా వాడుకోవడం మామూలే. సూట్‌కేసులు, అట్టపెట్టెలు, ఇండియా నుంచి తెచ్చిన బియ్యం సంచులు అరుగుల మీదికి చేరతాయి. తడి బట్టలు పొయ్యి పైన తాడు కట్టి ఆరేస్తారు. పిల్లవాడు నాబ్ తిప్పినా, ఎవరి మోచెయ్యో తగిలినా పొయ్యి వెలుగుతుంది. అక్కడి అగ్నిమాపక అధికారులు ఏళ్ళ తరబడి హెచ్చరిస్తున్న అగ్నిప్రమాద కారణం ఇది. సౌనాను గదిలా వాడుకోవాలనుకునేవాళ్ళు ముందు ఇంటి యజమానిని అడిగి, ఎలక్ట్రీషియన్ చేత పొయ్యి లైను తీయించాలి. ఫ్యూజు తీశాం కదా అని ఊరుకుంటే తర్వాత అద్దెకు వచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఇక సౌనాగా వాడేవాళ్ళు పొయ్యి చుట్టూ చెక్క కంచె వేయించుకోవడం, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, ఏ థర్మామీటరు కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

రెండు ఇళ్ళు, రెండు జాబితాలు

ఎస్పూలో అద్దె ఫ్లాట్‌లో ఉన్న దంపతులు, ఇద్దరు పిల్లలు అనుకుందాం. పొయ్యి, అరుగులు ఇంటివే. రాళ్ళు చివరిసారి ఎప్పుడు మార్చారో యజమానిని అడగాలి. కొనాల్సింది ప్లాస్టిక్ తొడుగున్న బకెట్, పొడుగు పిడి గరిటె, ఒక ఇసుక గడియారం. పరుచుకోవడానికి ఇంట్లో తువ్వాళ్ళున్నాయి. పొయ్యికి కంచె లేకపోతే అది యజమానితో మాట్లాడి పెట్టించుకోవాల్సిన విషయం. మిగతావి ఒక శీతాకాలం గడిచాక తోస్తే కొనుక్కోవచ్చు.

గచ్చిబౌలి వైపు విల్లాలో కొత్తగా కట్టుకుంటున్నవాళ్ళ జాబితా దీనికి తలకిందులుగా ఉంటుంది. డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనబడని వాటికే వెళ్ళాలి: త్రీ ఫేజ్ లైను, గాలి లోపలికీ బయటికీ పోయే దారులు, జిగురులేని చెక్క, సరిపడా మంచి రాళ్ళు. బోరు నీళ్ళైతే పోసే నీటికి ఫిల్టర్. వాడని రోజుల్లో వానాకాలపు తేమకు చెక్క బూజు పట్టకుండా తలుపు తెరిచి ఉంచే ఏర్పాటు. బకెట్, గరిటె చివరికి, 100 మిల్లీలీటర్ల గిన్నె ఉన్నది దొరికితే ఇంకా మంచిది. చన్నీళ్ళ షవర్ పక్కనే ఉండాలి. చెరువులోకి దూకే అవకాశం లేనిచోట చల్లబడటానికి అదే ఆధారం.

సొంత సౌనా లేని ఫ్లాట్లు కూడా ఫిన్లాండ్‌లో ఎన్నో. అలాంటి భవనాల్లో ఉమ్మడి సౌనా ఉంటుంది, ఒక్కో ఇంటికి వారంలో ఒక గంట కేటాయిస్తారు. పొయ్యి, బకెట్, గరిటె అక్కడే ఉంటాయి. వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళేది ఒంటికి ఒక తువ్వాలు, పరుచుకోవడానికి ఒక గుడ్డ, తాగడానికి ఒక సీసా నీళ్ళు.